ఎత్తేది ఎవరమ్మా అని అడిగిన అంగడి

తిరుపతిలో పేషెంట్ల మంచాలు, వీల్‌చెయిర్లు, ఆక్సిజన్ మిషన్లు అద్దెకిచ్చే ఒక అంగడికి ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు కోశానో మధ్యలో చెప్తా. ముందు అద్దెలు చెప్పేస్తా. ఇంట్లో మనిషి మంచాన పడితే ఫోను పట్టుకుని వెతుక్కునేవాళ్ళకి మొదట కావాల్సింది అవే, నాకేమో అప్పుడు ఎక్కడా దొరకలేదు.

తల వైపు, మోకాళ్ళ వైపు హ్యాండిల్ తిప్పితే లేచే ఇనుప మంచం, దాన్ని వీళ్ళు ఫౌలర్ కాట్ అంటారు, నెలకు 2,500. అడ్వాన్సు 5,000. వీల్‌చెయిర్ నెలకు 800. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను, నిమిషానికి ఐదు లీటర్లది, నెలకు 5,000, పదిహేను రోజులకైతే 3,000, అడ్వాన్సు 10,000. గాలి పరుపు అద్దెకివ్వరు, కొనాల్సిందే, నాకు 2,800 పడింది. కమోడ్ కుర్చీ కూడా అమ్మకమే. బండి బాడుగ, మేడ మీదికి మోత కూలి వేరే. మాది కొర్లగుంటలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మంచాన్ని ముక్కలుగా విప్పి మోసుకొచ్చి, పైన బిగించి, నాకు హ్యాండిల్ తిప్పడం నేర్పి పోయారు. మోతకి 500 తీసుకున్నారు, ఎక్కువ అనిపించలేదు.

అంగడి అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్ ఆసుపత్రులుండే వైపు ఒక పక్క సందులో ఉంది. బోర్డు మీద ఏదో సర్జికల్స్ అని రాసుంటుంది గానీ ఆ పేరు ఎవరికీ తెలీదు. సందు మొదట్లో టీ అంగడిలో "మంచాల అంగడి యాడ నా?" అంటే చెయ్యి చూపిస్తారు.

నేను ఇంట్లోనే మిషను కుడతాను. జాకెట్లు, ఫాల్స్, స్కూళ్ళు తెరిచేటప్పుడు యూనిఫారాలు. మా ఆయన కొండకి జీపు తోల్తాడు. మా అత్తకి అరవై దాటాయి, బీపీ ఉంది. మాత్ర గుర్తొస్తే వేసుకునేది, ఊరుబిండి లేకపోతే సంగటి దిగేది కాదు. ఒకరోజు తెల్లారి లేపబోతే మూతి ఒక పక్కకి పోయి ఉంది, కుడి చెయ్యి, కుడి కాలు కదల్లేదు. పక్షవాతం. మెదడులో రక్తం గడ్డని కరిగించే ఇంజక్షన్ జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలంట. ఆసుపత్రిలో అందరూ అడిగింది ఒకటే, ఎప్పుడు మొదలైంది అని. రాత్రి ఎప్పుడు మొదలైందో చెప్పగలిగేది అత్త ఒక్కతే. ఆమెకేమో మాట పోయింది. మాటకి సంబంధించిన భాగం చాలామందికి మెదడు ఎడమ పక్కన ఉంటుందంట, కుడి కాలు చెయ్యి నడిపేది కూడా ఆ పక్కే. రెండూ ఒకేసారి పోవడం అందుకే.

ఆసుపత్రి ఖర్చు కార్డు మీద జరిగింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, మా ఇంట్లో మాత్రం 2007లో పెట్టిన ఆరోగ్యశ్రీ పేరే నడుస్తోంది. కార్డు డిశ్చార్జి దాకా. ముక్కులో గొట్టం, మూత్రానికి గొట్టం, కింద సంచి, వీటితో పాటు "ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి" అని ఒక చీటీ. ఆ చూసుకునే మంచానికి, పరుపుకి, చూసుకునే మనిషికి ఏ కార్డూ లేదు.

ఈ అంగడికి రాకముందు ఊళ్ళో ఇంకో పెద్ద షాపుకి పోయాను. పేషెంటు బరువెంత, నగదా ఫోన్‌పేనా అన్నారు. ఇక్కడ ఓనరు, యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు దారానికి కట్టుకుని మెడలో వేలాడేసుకుని ఉంటాడు, నా వైపు చూసి అడిగిన మొదటి మాట "ఎత్తేది ఎవరమ్మా?" నేనే అన్నాను. నిలబడమన్నాడు. నా నడుం ఎక్కడికొస్తుందో కంటితో చూసుకుని, "నీ ఎత్తుకి మంచం కిందికి ఉంటే నెల తిరక్కుండానే నడుం పోతుంది. అప్పుడు ఇంట్లో ఇద్దరు పేషెంట్లు" అన్నాడు. ఆసుపత్రిలో అన్ని రోజులున్నా నా నడుం గురించి అడిగినవాళ్ళు లేరు. ఏడుపొచ్చింది. అడ్వాన్సు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

ఎత్తు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్నిబట్టే మీ నడుం ఉంటుందా పోతుందా తేలుతుంది. మా ఇంట్లో దివాను నా టేపుతో కొలిస్తే 16 అంగుళాలు. ఆ ఎత్తులో పడుకున్న మనిషికి గుడ్డలు మార్చాలంటే వంగే ఉండాలి. వీళ్ళ మంచం పరుపుతో కలిపి 24 అంగుళాలు, కాళ్ళ కింద చెక్క దిమ్మెలు పెట్టి ఇంకా లేపారు. మనిషి పూర్తిగా పడుకుని ఉన్నన్నాళ్ళూ చేసేవాళ్ళకి అనుకూలంగా ఎత్తు. లేచి కూర్చోవడం మొదలుపెట్టాక దిమ్మెలు తీసేయాలి, పేషెంటు పాదాలు నేలకి ఆనాలి. చక్రాల కుర్చీ సీటు, మంచం ఒకే మట్టానికి వస్తే పక్కకి జరపొచ్చు, ఎత్తే పని ఉండదు. దిమ్మెలు తీయడానికి మనిషిని పంపుతానన్నాడు, ఫోన్ చేస్తే పంపాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

తల వైపు లేవడం ఎందుకంత ముఖ్యమో కూడా అక్కడే తెలిసింది. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు తల 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి, పోశాక కూడా అరగంట, గంట అలాగే ఉంచాలి. చదునుగా పడుకోబెడితే లోపలిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దిండ్ల మీద దిండ్లు వేసి లేపితే మెడ మాత్రమే వంగుతుంది, మనిషి జారిపోతుంది. హ్యాండిల్ మంచం అక్కర్లేదు, దిండ్లు చాలు అని మా మరిది బెంగళూరు నుంచి ఫోన్లో సలహా ఇచ్చాడు. మూడు దిండ్ల మీద పడుకుని ఒక గ్లాసు జావ తాగి చూడు అన్నాను. ఆ నెల నుంచి అద్దె అతనే పంపాడు, ఆ మాట కూడా చెప్పాలి.

గాలి పరుపు గురించి కుట్టు పని చేసే మనిషిగా చెప్తున్నాను. దీంట్లో బుడగల వరసలుంటాయి, కాళ్ళ దగ్గర తగిలించిన చిన్న మోటారు ఒక వరసలో గాలి నింపుతూ ఇంకో వరసలో తీస్తూ ఉంటుంది. ఒంటి బరువు ఒకేచోట పడి పుండు పడకుండా. కుట్లు ఉండవు, వేడితో అతికించిన అంచులు. అంచు దగ్గర బుడగలు కొంచెం పల్చన, గోరు తగిలినా కారుతుంది. ప్యాచ్ ముక్క పెట్టెలోనే ఇస్తారు, పారేయకండి. పైన మందం దుప్పటి వేస్తే పరుపు పని చేయదు, వాయిల్ చీర ఒక్క పొర చాలు. ఇంకొక్కటి, పరుపు ఉంది కదా అని తిప్పడం మానకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. వెన్ను కింద త్రికం దగ్గర, మడమల దగ్గర ఎర్రబడిందేమో రోజూ చూడాలి. వేలితో నొక్కితే ఆ ఎరుపు తెల్లబడి మళ్ళీ రావాలి. తెల్లబడకపోతే పుండుకి మొదలు. ఇదంతా ఓనరు చెప్పిందే, తర్వాత ఇంటికొచ్చిన నర్సమ్మ కూడా అదే చెప్పింది.

తిప్పడానికి అతను నేర్పిన పద్ధతి ఇది: దుప్పటిని మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరిచి, అంచు పట్టుకుని లాగడం. నాకు దుప్పటి చేతిలో జారేది. మిషను ఉంది కదా, మందం కాటన్ రెండు పొరలు వేసి, అంచుల్లో స్కూలు బ్యాగు పట్టీలతో పట్టుకునే లూపులు కుట్టాను. వెనక నిలువునా కోసి టేపులు పెట్టిన నైటీలు కూడా కుట్టాను, ఒంటిని ఎత్తకుండా తొడగొచ్చు. అద్దె కట్టడానికి పోయినప్పుడు మా అమ్మాయి ఓనరుకి ఫోన్లో వీటి ఫోటోలు చూపించింది. ఇప్పుడు ఆ లాగుడు దుప్పట్లు వీళ్ళకి నేనే కుట్టి ఇస్తున్నాను, ఒక్కోదానికి 180. కాబట్టి నా రివ్యూలో పక్షపాతం ఉందనుకుంటే అనుకోండి. స్టారు మాత్రం కోశాను.

కోసిన కారణం ఆక్సిజన్ మిషను. ఇంటికొచ్చాక అత్తకి నిమోనియా వచ్చి మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ డిశ్చార్జి. ఇంట్లో కొన్నాళ్ళు నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టమన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి మిషను తెచ్చి బిగించారు, అంతవరకు మెచ్చుకోవాలి. గంట గడిచినా వేలికి పెట్టే క్లిప్పులో ఒంట్లో ఆక్సిజన్ 88 దాటలేదు, మిషను మీద పసుపు దీపం వెలుగుతోంది. టెన్షన్ మామూలుగా లేదు. ఫోన్ చేస్తే కుర్రాడు చిన్న మీటరు పట్టుకొచ్చాడు. మిషను నుంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ 90 శాతం పైన ఉండాలి, 80 కూడా లేదు. అప్పటికప్పుడు చిన్న సిలిండరు పెట్టి, పొద్దున్నే మిషను మార్చారు. సిలిండరుకి డబ్బు అడగలేదు. కానీ ఆ మీటరు అంగట్లోనే ఉంది కదా, పంపేముందు పెట్టి చూడటానికి ఏం అడ్డం? ఇదే మాట ఓనరుతో అన్నాను. "తప్పే అక్కా" అన్నాడు, సాకులు చెప్పలేదు.

ఈ మిషన్లలో చాలావాటి కథ వేరే. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అప్పటి ప్రభుత్వ లెక్క ప్రకారం 11 మంది కోవిడ్ పేషెంట్లు చనిపోయారు. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది. ఆ రాత్రి తర్వాత ఊళ్ళో కొనగలిగినవాళ్ళందరూ కాన్సంట్రేటర్ల కోసం పరిగెత్తారు. జబ్బు తగ్గాక అవి మంచాల కింద, మెట్ల కింద పడి ఉండిపోయాయి. ఈయన కొన్ని అలాంటివి కొని బాగు చేయించి అద్దెకిస్తున్నాడు. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్. మిషనులో జియోలైట్ అనే గుళికలు నత్రజనిని పట్టుకుని ఆక్సిజన్‌ని వదులుతాయి. మిషను వాడకుండా తేమలో పడి ఉంటే గుళికలు పాడవుతాయి, అప్పుడు అది గుర్రు గుర్రుమంటుంది గానీ లాభం లేదు. అందుకే తీసుకునేటప్పుడు మీటరు పెట్టి చూపించమనండి, సిగ్గుపడకండి. మిషనుకి తగిలించే నీళ్ళ సీసాలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. రోజంతా నడిస్తే ఎనిమిది యూనిట్ల దాకా కరెంటు లాగుతుంది, ఆ బిల్లు అద్దెలో కలవదు. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది కాబట్టి పక్కన సిలిండరు తప్పనిసరి.

ఇంకో రెండు ఫిర్యాదులు చిన్నవి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి వీల్‌చెయిర్లు దొరకవు. కొండకొచ్చే ముసలివాళ్ళ కోసం రోజు బాడుగకి పోతాయి, రోజు బాడుగలో లాభమెక్కువ. ఊరివాళ్ళకి నాలుగైనా పక్కన పెట్టొచ్చు కదా. రెండోది, బిల్లు అంటే తెల్ల కాగితం మీద రాసిస్తారు. మా మరిది ఆఫీసు ఇన్సూరెన్సులో అది చెల్లలేదు.

మంచం పాతదా అంటే పాతదే. పెయింటు కొత్తది, హ్యాండిల్ మరలో తుప్పు. కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు వేశాక మెత్తగా తిరిగింది. రెక్సిన్ పరుపుని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండలో వేయడం నేనే చూశాను. నేనున్నప్పుడే ఒకాయన వచ్చి "ఈ మంచం మీద ఎవరైనా పోయినారా?" అని అడిగాడు. ఓనరు నవ్వలేదు, కోప్పడలేదు. "ఆసుపత్రిలో పడుకున్నప్పుడు అడిగినారా నా?" అన్నాడు అంతే. అతని పుస్తకంలో ఇచ్చిన తేదీ, వాపసు తేదీ ఉంటాయి, ఎందుకు వాపసు అనే గడి లేదు. ఎన్నాళ్ళకి కావాలి అని కూడా అడగడు. నెల మధ్యలో వాపసు ఇస్తే మిగిలిన రోజుల అద్దె లెక్కగట్టి తిరిగిచ్చేస్తాడు, అడక్కుండానే.

ఆ మంచం మా ముందు గదిలోకి వచ్చాక ఇల్లు ఎలా మారిందో అద్దె లెక్కలో కనపడదు. కొలతలు తీసేది ఆ గదిలోనే. కుట్టు మిషను వంటింట్లోకి పోయింది. జాకెట్లకి వచ్చే ఆడవాళ్ళు గుమ్మంలో సంచి, గొట్టం చూసి అక్కడే నిలబడేవాళ్ళు. ఒకావిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఇది అంటుకునే జబ్బు కాదు కదా?" అంది. రక్తనాళం మూసుకుపోవడం ఎట్లా అంటుకుంటుందమ్మా అన్నాను. వరలక్ష్మీ వ్రతం ముందు రావాల్సిన గుడ్డలు ఆ ఏడు సగం రాలేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని చదువుకుంది. చిత్తూరు నుంచి ఆడబిడ్డ ఆదివారం వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చి, సాయంత్రం బస్సుకి పోయేది. ఆమెనేం అనను, ఆమెకీ అత్తా మామా ఉన్నారు. మా ఆయన అర్ధరాత్రి ట్రిప్పు దించి వచ్చి బూట్లు విప్పకముందే తల్లిని పక్కకి తిప్పేవాడు. కొడుకు ఒంటి గుడ్డలు మారుస్తానంటే అత్త ఎడమ చేత్తో నెట్టేసేది, ఆ పని మాత్రం నాదే.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ అరటిపళ్ళు, హార్లిక్స్ తెచ్చారు, అరటిపళ్ళు గొట్టంలో పోవు. సలహాలు కూడా తెచ్చారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, పక్షవాతమైతే విరూపాక్షపురం మందు, ఇంకేదైనా అయితే రాయవేలూరు పెద్దాసుపత్రి, ఇదీ మా చిత్తూరోళ్ళ వైద్యశాస్త్రం. "విరూపాక్షపురం పలమనేరు పక్కనే కదా, తీసుకుపోలేదా?" అని అడగని మనిషి లేడు. మింగడం రాని మనిషికి నోట్లో ఏదీ పోయొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి నేను ఒప్పుకోలేదు. దానికి కోడలికి పట్టింపు లేదనే మాట వచ్చింది. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరూ రాత్రి రెండు గంటలప్పుడు మా ఇంట్లో లేరు.

ఓనరు చెప్పిన ఇంకో సంగతి చాలామందికి పనికొస్తుంది. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 2024 జులై నుంచి మన రాష్ట్రంలో పింఛను నెలకు 15,000. వికలాంగుల పింఛను 6,000, వృద్ధులకి, వితంతువులకి 4,000. 15,000కైనా, 6,000కైనా సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం, కావాలి, సచివాలయంలో స్లాటు బుక్ చేసుకోవాలి. డిశ్చార్జి అయిన వారమే అడగండి. మా స్లాటు వచ్చేసరికి అత్త వాకర్ పట్టుకుని నిలబడుతోంది. 15,000 రాదని తెలిసి మా ఆయన ముఖం పెట్టిన తీరు చూసి అత్తే మొదట నవ్వింది.

ఇప్పుడు ఆమె బాత్రూముకి వాకర్‌తో పోతుంది. మాటలు కొన్నే వచ్చాయి, వాటిలో "ఉప్పు" ఒకటి. మంచం వాపసు ఇచ్చేశాం. హ్యాండిల్ వంగిందని అడ్వాన్సులో 300 కోస్తానన్నారు. వచ్చేటప్పటికే కొంచెం వంగి ఉందని నా దగ్గర ఫోటో ఉంది, 150కి ఒప్పుకున్నారు. మీరు కూడా సామాను దిగగానే ఫోటోలు తీసి పెట్టుకోండి.

అంగడి పొద్దున తొమ్మిదికి తీస్తారు, ఆదివారం మధ్యాహ్నం దాకానే. రాత్రిపూట ఫోన్ ఎత్తుతారు. మంచం చెప్పేటప్పుడు మెట్ల వెడల్పు, తలుపు వెడల్పు కొలిచి చెప్పండి, మలుపు ఉంటే అదీ చెప్పండి. చెప్పకపోతే స్పానర్లు లేకుండా వస్తారు. మా పక్కింట్లో అట్లాగే వచ్చి, మంచాన్ని మెట్ల మలుపులో ఇరికించి, స్పానర్ల కోసం ఒకడు వెనక్కి పోతే, పైనున్నవాళ్ళు పైన, కిందున్నవాళ్ళు కింద గంటసేపు ఉండిపోయారు.